చెన్నై నుంచి అండమాన్‌కు తొలి ప్రయాణం: ముందు పడవ, తరువాత గది, ఆఖరున బీచ్

అండమాన్ వెళ్దామనుకోగానే చాలామంది ముందు చేసే పని చూడాల్సిన బీచ్‌ల జాబితా రాసుకోవడం. తరువాత ఫొటోలు చూసి రిసార్ట్ బుక్ చేస్తారు. పడవ టికెట్ల సంగతి ఆఖరున గుర్తొస్తుంది. అప్పటికి కావలసిన పడవలో సీట్లు ఉండవు. దొరికిన పడవేమో సాయంత్రం చేరుస్తుంది. డబ్బు కట్టిన గదిలో ఒక పూట వృథా అవుతుంది. ఊటీ, కొడైకెనాల్ వెళ్ళినప్పుడు బస్సు తప్పితే ఇంకో బస్సు ఉంటుంది, లేదంటే టాక్సీ మాట్లాడుకోవచ్చు. దీవుల్లో మధ్యలో సముద్రం ఉంది. పడవలు రోజుకు కొన్నే తిరుగుతాయి, గాలి ఎక్కువైతే అవీ ఆగిపోతాయి.

అందుకే వరుస తిరగేయమంటున్నాను. విమానం, పడవలు, గదులు, ఆ తరువాతే ఏ రోజు ఏ బీచ్. చెన్నైలో ఉంటూ మొదటిసారి దీవులకు బయల్దేరే తెలుగు కుటుంబాన్ని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, వీలైతే అమ్మమ్మో తాతయ్యో. లక్షదీవులకు అనుమతి పత్రం కావాలి, మాల్దీవులకు పాస్‌పోర్ట్ కావాలి. అండమాన్‌లో పర్యాటకులు తిరిగే చోట్లకు మనకు ఆధార్ కార్డు చాలు. మొదటి దీవి ప్రయాణానికి ఇదే సుళువైన దారి.

నెల ఎంచుకోవడం

జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు సముద్రం బాగా ప్రశాంతంగా ఉంటుంది. నీళ్ళు తేటగా ఉండి పగడాలు స్పష్టంగా కనిపించేదీ అప్పుడే. మే రెండో సగం నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. ఆ తరువాత మనకు చెన్నైలో బాగా తెలిసిన ఈశాన్య ఋతుపవనాలు, వాయుగుండాల కాలం. 2016 డిసెంబరులో చెన్నైని చెట్లు కూల్చి వెళ్ళిన వర్దా తుఫాను, ఇక్కడికి రాకముందు అండమాన్ దగ్గరే తయారైంది. అప్పుడు హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్ళి తీసుకురావలసి వచ్చింది. డిసెంబరులో వెళ్ళకూడదని కాదు. చేతిలో ఒక రోజు అదనంగా లేకుండా మాత్రం వెళ్ళకండి.

పిల్లల సెలవులతోనే అసలు చిక్కు. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ వరకు గదులు, విమానాలు ఏడాదిలోనే ఖరీదైన ధరలో ఉంటాయి. సంక్రాంతికి ఊరు వెళ్ళడం మానుకోలేని ఇళ్ళు మనవి, కాబట్టి పొంగల్ సెలవులు చాలామందికి కుదరవు. నన్నడిగితే జనవరి 26 సెలవుకు అటో ఇటో నాలుగు రోజులు కలుపుకోవడం మంచిది. బడి నాలుగు రోజులు పోయినా చిన్న తరగతుల పిల్లలకు నష్టం లేదు. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలుంటే పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో వెళ్ళండి. ఎండ ఎక్కువగా ఉంటుంది, సముద్రం మాత్రం బాగుంటుంది.

తేదీలు ఖాయం చేసే ముందు గోడమీద క్యాలెండర్‌లో తిథి చూడండి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో ఆటుపోట్లు పెద్దవిగా ఉంటాయి. పోటులో నీళ్ళు బాగా పైకి వస్తాయి, ఆటులో బాగా వెనక్కి పోయి రాళ్ళు, చచ్చిన పగడాలు బయటపడతాయి. నీల్ దీవిలో రాతి వంతెన చూడటానికి ఈ పెద్ద ఆటు బాగా పనికొస్తుంది. హావ్‌లాక్‌లో చీకటి రాత్రుల్లో తెడ్డు వేస్తే నీళ్ళు నీలంగా మెరుస్తాయి. సముద్రంలోని సూక్ష్మజీవుల వెలుగు అది. దాన్ని చూడటానికి రాత్రిపూట కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు. ఆ సరదా ఉంటే అమావాస్యకు దగ్గరి రోజులు చూసుకోండి, వెన్నెల రాత్రుల్లో అది సరిగా కనిపించదు.

విమానం

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం రెండుంబావు గంటలకు అటూ ఇటూ. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. టికెట్ సైట్లలో ఏ పేరైనా కనిపించవచ్చు, కంగారు పడకండి. 2018 డిసెంబరులో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. పడవ టికెట్ల మీద కొత్త పేర్లు, ఆటోవాళ్ళ నోట్లో పాత పేర్లు వినిపిస్తాయి. ఇక్కడ నేనూ పాత పేర్లే వాడుతున్నాను.

వెళ్ళేటప్పుడు వీలైనంత పొద్దున్నే దిగే విమానం తీసుకోండి. తెల్లవారుజామున మెట్రో ఉండదు కాబట్టి అంబత్తూరు, పెరంబూరు వైపు వాళ్ళు టాక్సీ రాత్రే మాట్లాడుకోవాలి. వచ్చేటప్పుడు మరీ పొద్దుటి విమానం అక్కర్లేదు.

ఓడలో వెళ్దామని కొందరికి ఆశ ఉంటుంది. చెన్నై రేవు నుంచి ప్రభుత్వ ఓడలు వెళ్తాయి, విశాఖ నుంచి కూడా. కానీ మూడు రోజుల దాకా పడుతుంది, తేదీలు మన సెలవులను బట్టి రావు. వారం రోజుల సెలవుతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకు అది పనికిరాదు.

రాత్రులు పంచుకోవడం

ప్రయాణం మొత్తంలో ముఖ్యమైన నిర్ణయం ఇదే. ఏ దీవిలో నిద్రపోతామన్నదాన్ని బట్టే ఏం చూడగలమన్నది తేలుతుంది. కాగితం మీద రోజులు కాకుండా రాత్రులు రాయండి.

ఆరు రాత్రులు దొరికితే: పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి, హావ్‌లాక్‌లో మూడు, నీల్‌లో ఒకటి, మళ్ళీ పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి. ఐదే ఉంటే హావ్‌లాక్‌లో ఒకటి తగ్గించండి. నాలుగే ఉంటే నీల్ వదిలేయండి. రోజుకో గది మారుతూ, పెట్టెలు సర్దుతూ, జెట్టీలో వరుసలో నిలబడుతూ ఉంటే పిల్లలకు సముద్రం కంటే సూట్‌కేసే ఎక్కువ గుర్తుంటుంది. ప్యాకేజీలవాళ్ళు నాలుగు రాత్రుల్లో మూడు దీవులూ చూపిస్తామంటారు. చూపించగలరు కూడా. కానీ ఒక్కచోటా తీరిగ్గా నీళ్ళలో కూర్చునే పూట మిగలదు.

ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. ఇందులో మాత్రం సర్దుబాటు వద్దు. నీల్ నుంచి పొద్దున పడవలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కవచ్చని లెక్క వేస్తే కాగితం మీద కుదురుతుంది. ఆ ఉదయం గాలి ఎక్కువై రేవు అధికారులు పడవలు ఆపేస్తే పడవ కంపెనీ టికెట్ డబ్బు తిరిగి ఇస్తుంది, విమానం మాత్రం ఎదురుచూడదు. నలుగురికి అప్పటికప్పుడు కొత్త టికెట్లంటే ఒక రాత్రి గది అద్దెకు ఎన్నో రెట్లు.

పడవలు

పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ మూడింటి మధ్యా ప్రభుత్వ ఫెర్రీలూ ప్రైవేటు క్రూయిజ్‌లూ తిరుగుతాయి. మక్రూజ్, నాటికా, గ్రీన్ ఓషన్ ప్రైవేటువి. ఏసీ ఉంటుంది, సీటు నంబరు ఉంటుంది, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు వేగంగా వెళ్ళేవి గంటన్నరలో చేరుస్తాయి, మిగతావి రెండు రెండున్నర గంటలు తీసుకుంటాయి. హావ్‌లాక్ నుంచి నీల్‌కు గంటలోపే. ప్రభుత్వ ఫెర్రీ టికెట్ బాగా చవక, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. స్థానికులు రాకపోకలకు ఆధారపడేది వాటి మీదే కాబట్టి సీటు దొరకడం కష్టం. పెద్దవాళ్ళు వెంట ఉన్నప్పుడు మొదటి ప్రయాణానికి ప్రైవేటు పడవే నయం.

విమానం టికెట్ తీసుకున్న రోజే పడవల సమయాలు చూడండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి వెళ్ళేటప్పుడు రెండో రోజు ఉదయం పడవ పట్టండి. దిగిన రోజే హావ్‌లాక్ వెళ్ళిపోదామనిపిస్తుంది, కానీ విమానం గంట ఆలస్యమైతే పడవ పోతుంది. హావ్‌లాక్ నుంచి నీల్‌కు ఉదయం బయల్దేరితే నీల్‌లో ఒక పూర్తి రోజు చేతికొస్తుంది. నీల్ నుంచి తిరుగు ప్రయాణం మధ్యాహ్నం తరువాత పెట్టుకోండి.

పడవ ఎక్కేవాళ్ళందరికీ, పిల్లలతో సహా, గుర్తింపు కార్డు ఉండాలి. టికెట్ మీద పేరు, కార్డు మీద పేరు ఒకటే కావాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మనకు ఎప్పుడూ ఉండేదే, బుక్ చేసేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టు రాసేయండి. జెట్టీకి గంట ముందు వెళ్ళాలి. ఏ జెట్టీ అన్నది టికెట్ మీద చూసుకోండి. పోర్ట్ బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే వేరు, హాడో వేరు.

కడుపులో తిప్పడం గురించి ముందే ఆలోచించాలి. అవోమిన్ లాంటి మాత్ర పడవ ఎక్కడానికి అరగంట, గంట ముందు వేసుకుంటేనే పనిచేస్తుంది. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. పిల్లలకూ, బీపీ, షుగర్ మందులు వాడే పెద్దలకూ చెన్నైలోనే మీ డాక్టర్‌ని అడిగి తీసుకెళ్ళండి. ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, నిండా తినీ ఎక్కకూడదు. రెండు ఇడ్లీలు తిని, పడవ మధ్యలో కింది అంతస్తు సీట్లలో కూర్చుంటే కుదుపు తక్కువ తెలుస్తుంది.

గదులు

పోర్ట్ బ్లెయిర్‌లో మొదటి రాత్రికి అబర్డీన్ బజార్ చుట్టుపక్కల తీసుకోండి. సెల్యులార్ జైలుకు నడవచ్చు, తినడానికి హోటళ్ళున్నాయి, జెట్టీ దగ్గర, విమానాశ్రయం కూడా కొద్ది కిలోమీటర్లే. సముద్రం కనిపించాలని కార్బిన్స్ కోవ్ వైపు తీసుకుంటే ప్రతి పనికీ టాక్సీ కావాలి. ఆ సరదా ఆఖరి రాత్రికి దాచుకోవచ్చు.

హావ్‌లాక్‌లో చోటు ఎంపిక కొంచెం ఆలోచించి చేయాలి. జెట్టీ ఉత్తరాన ఉంది. తూర్పు తీరం వెంబడి గోవింద్‌నగర్, విజయ్‌నగర్, ఇంకా కింద కాలాపత్థర్. పడమర వైపు, జెట్టీకి పన్నెండు కిలోమీటర్లలో రాధానగర్. రిసార్ట్‌లు ఎక్కువగా ఉన్నది తూర్పున, విజయ్‌నగర్ చుట్టూ. ఫొటోల్లో గది గుమ్మం ముందే నీలి సముద్రం కనిపిస్తుంది. ఆ ఫొటోలు పోటు సమయంలో తీసినవి. ఆటు వస్తే అక్కడ నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి, కాళ్ళకు గుచ్చుకునే రాళ్ళు తేలతాయి. ఉదయాన్నే లేచి సూర్యోదయం చూడటానికి ఆ చోటు అద్భుతం. పిల్లలు రోజంతా మునుగుదామనుకుంటే మాత్రం కుదరదు. రాధానగర్ వైపు గదులు తక్కువ, ఖరీదు ఎక్కువ, సాయంత్రమైతే చుట్టూ అడవీ చీకటీ. నా సలహా గోవింద్‌నగర్, విజయ్‌నగర్ మధ్య, బజారుకు దగ్గరగా ఉండే గది. రాధానగర్‌కు ఆటోలో వెళ్ళి రావచ్చు, జెట్టీ నుంచి ప్రభుత్వ బస్సు కూడా ఉంది.

డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. చెక్ అవుట్ ఎన్నింటికి? ఈ దీవుల్లో చాలాచోట్ల ఉదయం ఎనిమిది, తొమ్మిదికే ఖాళీ చేయమంటారు, పడవలు పొద్దున్నే వచ్చిపోతాయి కాబట్టి. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాను మాత్రమేనా? పొద్దున్న పడవకు వెళ్ళేవాళ్ళకు టిఫిన్ కట్టిస్తారా? వాన వచ్చి పడవలు ఆగిపోతే, ఆ రాత్రి డబ్బు తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా? నాలుగో ప్రశ్నకు వచ్చిన జవాబు మెసేజ్‌లో రాయించుకుని దాచుకోండి. తాతయ్యకు మోకాళ్ళ నొప్పులుంటే మెట్ల సంగతీ అడగాలి. చెక్క కాటేజీలు చాలా వరకు నేలకు ఎత్తులో ఉంటాయి.

నీల్‌లో ఒక్క రాత్రే కాబట్టి ఎక్కువ వెతకక్కర్లేదు. జెట్టీకి, భరత్‌పూర్ బీచ్‌కు దగ్గర్లో శుభ్రంగా ఉన్న గది చాలు.

రోజులు నింపుకోవడం

ఇప్పుడు బీచ్‌లు. దానికి ముందు సూర్యుడి సంగతి. గడియారం మనదే, పొద్దు మాత్రం మనకంటే దాదాపు యాభై నిమిషాలు ముందు నడుస్తుంది. పోర్ట్ బ్లెయిర్ చెన్నైకి అంత తూర్పున ఉంది మరి. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గూకుతుంది. ఆరింటికి చిమ్మచీకటి. పది గంటలకు టిఫిన్ చేసి నింపాదిగా బయల్దేరే అలవాటుతో వెళ్తే సగం రోజు పోయినట్టే. ఐదున్నరకు లేవండి, పన్నెండు లోపు పెద్ద పని ముగించండి, మధ్యాహ్నం పడుకోండి, మూడున్నరకు మళ్ళీ బయల్దేరండి. పెద్దవాళ్ళకూ పిల్లలకూ ఇదే ఒంటికి పడుతుంది.

దిగిన రోజు సెల్యులార్ జైలు. 1906లో కట్టడం పూర్తయినప్పుడు ఏడు రెక్కలు, ఇప్పుడు మిగిలినవి మూడు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగి వచ్చి 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పిల్లలకు ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్ళండి, గదుల వరుస చూసినప్పుడు వాళ్ళకు అర్థమయ్యే తీరే వేరుగా ఉంటుంది. సాయంత్రం అక్కడే సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. హిందీ, ఇంగ్లిష్ ప్రదర్శనల సమయాలు వేరు, టికెట్ ముందే కొనండి. జైలుకూ రాస్ దీవికీ సెలవు రోజులుంటాయి. మీరు దిగే వారం చూసుకుని ఏది ముందు, ఏది ఆఖరి రోజుకు అన్నది తేల్చుకోండి.

రాస్ దీవికి పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో పావుగంట. బ్రిటిష్‌వాళ్ళ పాలన అక్కడి నుంచే నడిచింది. 1941 భూకంపం తరువాత పాడుబడింది, ఆ మరుసటి ఏడాది జపాన్ సైన్యం వచ్చింది. చర్చి గోడలను మర్రిజాతి చెట్ల వేళ్ళు చుట్టేసుకుని ఉంటాయి, జింకలు మనుషుల మధ్యే తిరుగుతాయి. దాన్నీ నార్త్ బేనీ ఒకే పడవలో చూపిస్తామంటారు. పాత ఎర్ర రంగు ఇరవై రూపాయల నోటు మీదున్న దృశ్యం నార్త్ బేదే. నీటి ఆటలు అక్కడ బోలెడు, గోలా ఎక్కువే. హావ్‌లాక్ వెళ్ళేవాళ్ళు రాస్ ఒక్కటి చూస్తే సరిపోతుంది.

హావ్‌లాక్ చేరిన రోజు మధ్యాహ్నం మూడున్నరకే రాధానగర్ బయల్దేరండి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమ బీచ్ అంది, 2020లో శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. పేరు ప్రఖ్యాతులు పక్కన పెట్టినా, మెరీనాలో అలలు చూసి పెరిగిన పిల్లలు ఇక్కడి నీళ్ళలో నడుం లోతు దాకా వెళ్ళి నిలబడగలగడం వాళ్ళకు కొత్త. అయినా జాగ్రత్త ఉండాలి. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో రాధానగర్ చివరన ఉన్న నీల్స్ కోవ్ దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. లైఫ్‌గార్డులు ఉన్న మేరలో, వల కట్టిన చోట మాత్రమే దిగండి. బోర్డు వద్దన్న చోట, వాగు సముద్రంలో కలిసే చోట, పొద్దు పోయాక అసలు దిగొద్దు.

మరుసటి ఉదయం ఎలిఫెంట్ బీచ్. జెట్టీ నుంచి పడవలు పొద్దున్నే మొదలవుతాయి, మొదటి పడవల్లోనే వెళ్ళాలి. పదిన్నర దాటితే జనంతో నీళ్ళు కలక బారిపోతాయి. మొదటిసారి స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, నీటిమీద తేలుతూ కిందికి చూడటం) చేయడానికి ఇంతకంటే మంచి చోటు దీవిలో లేదు, తీరానికి దగ్గర్లోనే చేపలు, పగడాలు కనిపిస్తాయి. ఈత రాని వాళ్ళకు లైఫ్ జాకెట్, ట్యూబు ఇచ్చి ఒకరు పట్టుకుని తీసుకెళ్తారు. కళ్ళజోడు, మూతికి పెట్టుకునే గొట్టం గదిలోనే బకెట్ నీళ్ళలో ఒకసారి అలవాటు చేసుకుంటే అక్కడ టెన్షన్ ఉండదు. పగడం మీద కాలు పెట్టకండి. అవి ప్రాణమున్నవి, వేలెడు పెరగడానికి ఏళ్ళు పడుతుంది, ఒక్క తొక్కుడుకు విరుగుతాయి. ఎలిఫెంట్ బీచ్‌కు అడవిలో నడక దారి కూడా ఉంది, వాన పడితే బురద. పెద్దవాళ్ళను పడవలోనే తీసుకెళ్ళండి.

మూడో రోజు ఏమీ పెట్టుకోవద్దు. నిజంగానే ఖాళీగా ఉంచండి. ముందు రోజు వాన పడి ఎలిఫెంట్ బీచ్ పడవలు ఆగితే ఆ రోజు పనికొస్తుంది. ఆగకపోతే పొద్దున్నే కాలాపత్థర్‌లో సూర్యోదయం చూసి, కొబ్బరిబొండం తాగి, సాయంత్రం మళ్ళీ రాధానగర్ వెళ్ళండి. మెచ్చిన చోటికి రెండోసారి వెళ్ళడానికే మూడు రాత్రులు పెట్టమన్నది.

నీల్ చిన్న దీవి, అద్దె స్కూటర్ మీదో ఆటోలోనో పూటలో చుట్టేయవచ్చు. లైసెన్సు అసలు కార్డు దగ్గర ఉంచుకోండి. బీచ్‌ల పేర్లన్నీ మన ఇంట్లో పేర్లే: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. సీతాపూర్‌లో సూర్యోదయం, లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం, పిల్లలు ఆడుకోవడానికి భరత్‌పూర్. రాతి వంతెన ఉన్నది లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గర. దాని కిందికి ఆటు సమయంలోనే నడవగలం. ఆటు వేళ రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి ఎవరో పోయిన వారం చెప్పిన టైము మీకు పనికిరాదు. ఆ రోజు సమయం హోటల్లో అడిగి, దాని చుట్టూ మిగతావి సర్దుకోండి. రాళ్ళు జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోవాలి. నీటి గుంటల్లో చిన్న పీతలు, సముద్ర దోసకాయలు, రంగు చేపలు కనిపిస్తాయి, ముట్టుకోకుండా చూస్తే చాలు.

బారాటాంగ్ సున్నపురాయి గుహల గురించి అందరూ అడుగుతారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి వంద కిలోమీటర్లు, తెల్లవారకముందే బయల్దేరాలి, జిర్కాటాంగ్ దగ్గర వాహనాలను వరుసలుగా వదులుతారు. దారి జరవా తెగవాళ్ళ రక్షిత అడవి గుండా పోతుంది. అక్కడ ఆగడం, ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. ఆ తెగల రక్షణకు 1956 నుంచీ చట్టం ఉంది, 2012లో శిక్షలు పెంచారు. మడ అడవుల మధ్య పడవ ప్రయాణం బాగుంటుంది, గుహలూ బాగుంటాయి. అయినా మొదటి ప్రయాణంలో వద్దనే చెబుతాను. పిల్లలకూ పెద్దలకూ అంత పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రయాణం ఎక్కువ. పైగా కొందరు డ్రైవర్లు మనుషులను చూపిస్తామని ఊరించి ఆ దారిన తీసుకెళ్తారు. అలా ఒకరి అడవిలోకి వాళ్ళను చూడటానికే వెళ్ళడం నాకు తప్పనిపిస్తుంది.

ఒక రోజు మిగిలితే వాండూరు నుంచి జాలీబోయ్ వెళ్ళండి. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనంలో భాగం అది. ఏడాదిలో కొన్ని నెలలే తెరుస్తారు, అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, ప్లాస్టిక్ సీసా, కవరు ఏదీ రానివ్వరు. స్టీలు సీసాలు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.

స్కూబా ఎప్పుడు

స్కూబా డైవ్, అంటే గాలి సిలిండరు తగిలించుకుని నీటి అడుగుకు వెళ్ళడం, చేయాలనుకునేవాళ్ళు దాన్ని హావ్‌లాక్‌లో మొదటి పూర్తి రోజునే పెట్టుకుని, ఎలిఫెంట్ బీచ్‌ను ఖాళీగా ఉంచిన మూడో రోజుకు జరపాలి. నీటి అడుగున శరీరంలో చేరిన నత్రజని బయటికి పోవడానికి సమయం కావాలి. ఒక్క డైవ్ చేస్తే విమానం ఎక్కేలోపు కనీసం పన్నెండు గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే పద్దెనిమిది గంటలు గడవాలి. పైన చెప్పిన వరుసలో ఇది తనంతట తానే కుదురుతుంది. పదేళ్ళు నిండని పిల్లలను తీసుకెళ్ళరు. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి బాధలుంటే ఫారంలో నిజం రాయండి, జలుబు చేసి ఉంటే మానేయండి. ఈత రాకపోయినా మొదటి స్థాయి డైవ్ చేయిస్తారు. శిక్షకుడి ధ్రువపత్రం చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

తిండి, డబ్బు, ఫోను

తిండి గురించి దిగులు అక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆటో ఎక్కి తెలుగులో మాట్లాడి చూడండి, శ్రీకాకుళం యాసలో జవాబు రావచ్చు. ఇడ్లీ, దోసె, సాంబారు దొరుకుతాయి. హావ్‌లాక్, నీల్‌లలో బెంగాలీ కుటుంబాలు ఎక్కువ, చేపల పులుసూ అన్నమూ వాళ్ళ హోటళ్ళలో చవకగా, రుచిగా ఉంటాయి. పెద్ద రొయ్యలు, పీతలు తూకం లెక్కన అమ్మే చోట ధర ముందు అడిగి, తరువాత వండమనండి. శాకాహారులు పొద్దున్నే మధ్యాహ్నం భోజనం గురించి చెప్పి ఉంచితే మంచిది. పెరుగన్నం లేకపోతే నిద్రపట్టని తాతయ్య ఉంటే ఊరగాయ సీసా ఇంటి నుంచి తీసుకెళ్ళాల్సిందే.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం అడుగున వేసిన ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టులో మొదలైంది, అప్పటి నుంచి ఇంటర్నెట్ చాలా మెరుగు. అయినా బీచ్‌ల దగ్గర, పడవల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. పడవ టికెట్లు, గది రసీదులు ప్రింట్ తీసుకోండి. ఫోన్ పే పనిచేయని పూట కోసం నోట్లు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి, హావ్‌లాక్‌లో ఏటీఎంలు కొన్నే, నీల్‌లో ఇంకా తక్కువ. బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. పెద్ద ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రే. ఉదయం, సాయంత్రం ఇసుకలో కంటికి ఆనని ఈగలు కుడతాయి, దద్దుర్లు రోజుల తరబడి దురద పెడతాయి. కాళ్ళకు కొబ్బరినూనె పట్టించి, ఇసుక మీద నేరుగా కూర్చోకుండా దుప్పటి పరుచుకోండి.

ఆఖరి రోజు

నీల్ నుంచి వచ్చిన సాయంత్రం ఓపిక ఉంటే చిడియాటాపులో సూర్యాస్తమయం చూడవచ్చు, పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా పాతిక కిలోమీటర్లు. పడవ నాలుగు దాటి చేరితే ఆ ఆలోచన మానేసి బజారుకు వెళ్ళండి. గవ్వలు, శంఖాలు, చెక్క బొమ్మలు కొనాలంటే ప్రభుత్వ సాగరిక ఎంపోరియంలో కొని బిల్లు దాచుకోండి. బీచ్‌లో ఏరిన గవ్వ, పగడం ముక్క ఏదీ సంచిలో పెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, విమానాశ్రయంలో సంచులు తెరిచి చూస్తారు. పిల్లల జేబులు, ఇసుక బకెట్లు, తడి బట్టల మూట హోటల్ గదిలోనే ఒకసారి దులపండి. దొరికినవి ఉంటే విమానాశ్రయానికి వెళ్ళే ముందు అక్కడి ఒడ్డునే వదిలేసి రండి.